ఆకు మనది, "హెర్బల్" పేరు వాళ్లది, మరి ధర ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చదివినంక తిట్టండి.

"కాఫీ మానండి, హెర్బల్ టీ తాగండి, టెన్షన్ పోతుంది, మనసు ప్రశాంతంగా ఉంటుంది" అనే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా కనబడుతోంది. కింద ఒక డబ్బా బొమ్మ ఉంటుంది. డబ్బా మీద అడవి, కొండ, నెత్తిన గంప పెట్టుకున్న ఒక ఆడమనిషి. ఆ బొమ్మలో ఉన్నది మన అవ్వలాంటి అవ్వే. లోపల ఉన్నది మనకు తెలిసిన ఆకే. డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే మాత్రం మన పేరు ఎక్కడా లేదు. మన పోరగాళ్లేమో కాటారం చౌరస్తాలో ఇంత గట్టి చాయ్ తాగుతూ, ఫోన్‌లో ఆ డబ్బా చూసి "మంచిగుంది కదా, ఆర్డర్ పెడదామా" అంటున్నారు.

నేను చెప్పేది ఒక్కటే మాట. కాఫీకి బదులు ఆకు కషాయం తాగడం మంచిదే, తాగుదాం. కానీ కొనుక్కునేవాళ్ల వరసలో నిలబడి కాదు. ఆకును గుర్తుపట్టేది మనమైనప్పుడు, ఎండలో తిరిగి కోసేది మనమైనప్పుడు, దాని పేరు చెప్పే నోరూ ధర చెప్పే నోరూ మనదే కావాలి. లేకపోతే తునికాకు కాడ ఏం జరిగిందో దీని కాడా అదే జరుగుతుంది.

ముందు కాఫీ, చాయ్ సంగతి

హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో చదివేవాళ్లకి రాత్రిపూట కాఫీ, చాయ్ అంటే ఆయుధం లెక్క. అది ఏం చేస్తుందో తెలుసుకుని తాగితే నాకేం బాధ లేదు. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. "ఇక చాలు, పడుకో" అని చెప్పేది అదే. కెఫీన్ వచ్చి దాని నోరు మూస్తుంది. అలసట పోదు, అలసట కబురు మాత్రమే ఆగుతుంది. అప్పు తీరలేదు, అప్పులోడు తలుపు కొట్టుడు ఆగింది, గంతే.

మామూలు కప్పు ఫిల్టర్ కాఫీలో సుమారు 80 నుంచి 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. చాయ్‌లో దాదాపు అందులో సగం. ఒంట్లోకి పోయిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అంటే రాత్రి 9 గంటలకి తాగిన కాఫీ, 2 గంటలకి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. ఇక నిద్ర ఎట్ల పడుతుంది? నిద్ర లేకుండా చదివింది పరీక్ష హాల్లో ఎట్ల గుర్తొస్తుంది? పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా పెద్ద ప్రమాదం లేదని అమెరికా, యూరప్ ఆహార సంస్థలు చెబుతున్నాయి. కాబట్టి కాఫీ విషం అని నేను అనను. దాన్ని ఏ వేళకి తాగుతున్నాం అన్నదే అసలు సంగతి.

ఆడపిల్లలు ప్రత్యేకంగా వినాల్సింది ఇంకోటి ఉంది. తిన్న వెంటనే చాయ్, కాఫీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మెస్‌లో పెట్టే ఆకుకూరలోని కాస్త ఇనుమును గ్లాసు చాయ్‌తో పోగొట్టుకోవడం మనకు అవసరమా? వగరు ఉన్న కషాయాలకు కూడా ఇదే రూలు. తిండికీ గ్లాసుకీ మధ్య గంట ఎడం పెట్టండి.

ప్రశాంతత ఎంత నిజం, ఎంత అమ్మకం

తులసి, నిమ్మగడ్డి, అల్లం, సుగంధిపాల వేరు, తంగేడు పువ్వు. వీటిలో కెఫీన్ లేదు. వాటిని కాచి తాగితే వచ్చే పెద్ద లాభం అదే. అది నిద్ర పట్టించే మందు కాదు, నిద్ర చెడగొట్టని గ్లాసు. పొయ్యి కాడ కూర్చుని, నీళ్లు మరిగేదాకా ఆగి, వేడివేడిగా మెల్లగా తాగే ఆ పది నిమిషాలు కూడా మనిషిని కొంత నెమ్మది చేస్తాయి. అంతకు మించి చెప్పేవాళ్ల మాట నమ్మే ముందు ఆలోచించండి. చామంతి జాతి పువ్వుల మీద, తులసి మీద ఆందోళన తగ్గుతుందా అని పరిశోధనలు జరిగాయి, కొంత మేలు కనబడింది కూడా. కానీ అవి కొద్దిమంది మీద చేసిన చిన్న పరిశోధనలు. ఆ ఆధారంతో "టెన్షన్ మాయం" అని డబ్బా మీద రాయడం వ్యాపారం.

ఇంకో మోసం కూడా ఉంది. "తులసి గ్రీన్ టీ" అని కొనే డబ్బాలో తులసితో పాటు గ్రీన్ టీ కూడా ఉంటుంది. గ్రీన్ టీ అంటే తేయాకే, అందులోనూ కెఫీన్ ఉంటుంది. కెఫీన్ వద్దనుకుని కెఫీన్‌నే కొంటున్నాం. లేబుల్ చదవండి.

"ఆకు కదా, ఎంత తాగినా ఏం కాదు" అనేవాళ్లకి తిప్పతీగ కథ చెప్పాలి. కరోనా కాలంలో దేశమంతా తిప్పతీగ కషాయం తాగింది. 2021లో ముంబై డాక్టర్లు, తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వాళ్లు తాగింది అసలు తిప్పతీగ కాకపోవచ్చు, అట్లాగే కనబడే దాని చుట్టం తీగ కావచ్చు అంది. ఎవరి మాట నిజమైనా మనకు తెలిసేది ఏంది? ఆకును గుర్తుపట్టడమే అసలు చదువు అని. ఏ తీగ, ఏ కాలంలో, ఎంత, ఎన్ని రోజులు, ఎవరికి వద్దు అన్నది తెలిసిన మనిషి లేకుండా ఆకు మాత్రమే సంచిలోకి ఎక్కితే అది జ్ఞానం కాదు, సరుకు. బీపీకో, షుగర్‌కో గోలీలు వేసుకునేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా రోజూ కషాయాలు తాగొద్దు. ఈ మాట కూడా మనమే చెప్పాలి. డబ్బా చెప్పదు.

ఇంకొక్కటి. మన పిల్లల ఆందోళన అంతా కాఫీ వల్లనే రాలేదు. స్కాలర్‌షిప్ ఆలస్యం, నోటిఫికేషన్ ఆలస్యం, ఇంటికాడ అప్పు, గదిలో ఇరవై మంది. వీటికి మందు తులసి నీళ్లు కాదు. "కషాయం తాగు, ప్రశాంతంగా ఉండు" అనే మాట, "అడగకు, ఊరికే ఉండు" అనే మాటగా మారితే ఆ గ్లాసు మనకొద్దు.

చాయ్ కూడా ఒక ఆదివాసీ ఆకే

చాలామందికి తెలియని సంగతి ఇది. అస్సాంలో సింగ్ఫో అనే ఆదివాసీ తెగ, తెల్లోళ్లు రాకముందే తేయాకు వాడుకునేది. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే తెల్ల వ్యాపారికి ఆ మొక్క గురించి తెలిసింది సింగ్ఫోల ద్వారానే. 1838లో అస్సాం తేయాకు లండన్‌కి ఓడెక్కింది. 1839లో అస్సాం కంపెనీ పుట్టింది. సింగ్ఫోల అడవులు తోటలయ్యాయి. ఆ తోటల్లో కూలీకి ఎవరిని తీసుకుపోయారు? ఛోటానాగ్‌పూర్ నుంచి ముండాలు, ఒరావులు, సంతాలులు, వాళ్లతో పాటు మన గోండులు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు అస్సాంలో ఎస్టీ హోదా కోసం దశాబ్దాలుగా కొట్లాడుతూనే ఉన్నారు.

మరి ఆ చాయ్ మన గుడిసెల్లోకి ఎట్ల వచ్చింది? దానంతట అది రాలేదు. 1903లో టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. తర్వాత దశాబ్దాల్లో రైల్వే స్టేషన్లలో, సంతల్లో, ఇళ్ల ముందు కాచి చూపించి అలవాటు చేశారు. అంబలి తాగే దేశానికి చాయ్ నేర్పడం ఒక వ్యాపార పథకం. కాబట్టి "చాయ్ నాగరికం, కషాయం వెనకబాటు" అని ఎవరన్నా అంటే, ఆ మాట ఎవరు నేర్పారో గుర్తు చేయండి. ఒక ఆదివాసీ ఆకును తీసుకుని, ఇంకో ఆదివాసీని కూలీ చేసి, మూడో ఆదివాసీకి అమ్మారు. ఇప్పుడు "హెర్బల్" పేరుతో అదే దారి మళ్లీ తెరుచుకుంటోంది.

కాఫీ మీద నాకు పగ లేదని కూడా చెప్పాలి. అరకు కాఫీ పండించేది మన్యం గిరిజన రైతులే. 2017లో ఆ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ ఏ కొండదో ఇప్పుడు ప్రపంచానికి తెలుసు. పంట బయటి నుంచే వచ్చినా పేరు కొండకు దక్కింది. మన అడవిలో పుట్టిన ఆకుకు మాత్రం ఊరూ పేరూ లేవు. సిగ్గుపడాల్సింది ఇక్కడ.

డబ్బా లెక్క

లెక్క మీరే వేయండి. ఒక టీ సంచిలో ఉండేది రెండు గ్రాముల లోపే. 25 సంచుల డబ్బాలో 50 గ్రాములు కూడా ఉండవు. 2020 మేలో కేంద్రం తిప్పతీగకు ప్రకటించిన కనీస మద్దతు ధర కిలోకి 40 రూపాయలు. ఆ లెక్కన 50 గ్రాములకి కోసినవాళ్ల చేతికి 2 రూపాయలు. డబ్బా ధర ఎంతో ఫోన్‌లో చూసుకోండి. ఎండబెట్టినందుకు, దంచినందుకు, సంచి, డబ్బా, రవాణాకు ఖర్చు ఉంటుంది, కాదనను. కానీ ఆ ఎండబెట్టుడు, దంచుడు మనకు రాని పనా?

తునికాకు చూడండి. ఎండాకాలం తెల్లవారకముందే లేచి, ఎలుగుబంటి భయంతో అడవికి పోయి, కోసి, 50 ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో పరిచి వస్తారు మన అమ్మలు. కట్టకు ఎంత అన్నది వాళ్లు ఏనాడన్నా చెప్పారా? ధర పైనుంచి వస్తుంది, మనం తల ఊపుతాం.

ధర చెప్పడం మన చేతిలో కూడా ఉంటుందని చూడాలంటే దూరం పోనక్కర్లేదు. కాళేశ్వరం కాడ గోదావరి దాటితే సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లాలోనే మెండా లేఖా అనే గోండు ఊరు ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సాధించింది. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. వెదురు ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో ఊరే తేల్చుకుంది. ఆ తర్వాత ఆ జిల్లాలో ఎన్నో గ్రామసభలు తునికాకు కూడా సొంతంగా అమ్ముకున్నాయి. అదే నది, అదే అడవి, అదే ఆకు. తేడా ఎక్కడుంది? అక్కడ గ్రామసభ కాగితం పట్టుకుని కూర్చుంది.

చట్టం ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు

కాటారం 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఐదో షెడ్యూల్ ప్రాంతాల జాబితాలో పాత కరీంనగర్ లేదు. అందుకే ఏటూరునాగారం వైపు పనిచేసే 1996 పెసా చట్టం మన కాడ చెల్లదు. ఇది చూసి "మనకేం హక్కులు లేవు" అని ఊరుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతం అనే గీత లేదు. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద సేకరించే హక్కే కాదు, యాజమాన్యం, అమ్ముకునే హక్కు కూడా సెక్షన్ 3(1)(సి) ఇచ్చింది. ఔషధ మొక్కలు, మూలికలు, వేర్లు, దుంపలు అన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. సామూహిక హక్కుకి ఫారం బి, సామూహిక అటవీ వనరుల హక్కుకి ఫారం సి. పోడు పట్టా కోసం ఫారం ఎ నింపినంత పట్టుదలతో ఈ రెండూ ఎందుకు నింపలేదో మన ఊర్లో మనమే అడగాలి.

జీవ వైవిధ్య చట్టం 2002 ప్రకారం, అడవి వనరుతో, స్థానికుల జ్ఞానంతో వ్యాపారం చేసేవాళ్లు లాభంలో వాటా ఇవ్వాలి. విదేశీ కంపెనీలే కాదు, మన దేశపు కంపెనీలు కూడా ఇవ్వాల్సిందేనని 2018 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో తేల్చింది. కానీ 2023లో చట్టాన్ని సవరించి, గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానానికి మినహాయింపు ఇచ్చారు. దీని అర్థం ఏంది? గ్రంథంలో ఉన్న ఆకుకు వాటా కట్టనక్కర్లేదు. మన అవ్వ నోట్లో ఉన్న దానికి వాటా అడగొచ్చు, కానీ అది అవ్వదే అని రుజువు చూపించేది ఎవరు? రాత లేనివాళ్ల జ్ఞానం మీద రాత ఉన్నవాళ్లు రాసిన సవరణ ఇది.

వాటా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కేరళ అగస్త్య కొండల్లో కాణి తెగవాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' అనే మందు తయారైంది. 1990ల్లో ఆ లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణిల ట్రస్టుకు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. దక్షిణాఫ్రికాలో రూయిబోస్ అనే మొక్క ఉంది. కెఫీన్ లేని ఆకు, కాఫీకి బదులుగా ప్రపంచమంతా తాగుతోంది. ఆ జ్ఞానం ఖోయ్, సాన్ ఆదివాసీలది. ఏళ్ల తరబడి చర్చల తర్వాత 2019లో, రైతుకు దక్కే ధర మీద 1.5 శాతం ఏటేటా వాళ్లకు కట్టడానికి ఆ పరిశ్రమ మొత్తం ఒప్పుకుంది. సరిగ్గా మనం మాట్లాడుకునే వస్తువే అది, ఒక "హెర్బల్ టీ".

మీరు అనబోయే మాటలు

"తులసి, నిమ్మగడ్డి అందరి పెరట్లో ఉంటాయి, అది ఆదివాసీల సొత్తు ఎట్లయితది?" నిజమే, కాదు. వాటి మీద మన పేరు చెప్పుకోవద్దు, అది అబద్ధమైతది. కానీ అడవిలో తిరిగి ఏరుకొచ్చే వేరుకు, తీగకు, పువ్వుకు కూలి ధర కాకుండా సరుకు ధర అడగొచ్చు. రెండూ వేరు.

"కంపెనీ వస్తే నాలుగు పైసలు వస్తయి కదన్నా?" రానివ్వండి. గ్రామసభ ముందు కూర్చుని మాట్లాడమనండి. అంతేకాదు, సుగంధిపాలను వేరుతో పీకుతారు. కిలోల లెక్కన కొనేవాడు వస్తే రెండేళ్లలో అడవిలో వేరు మిగలదు. ఎంత తీయాలి, ఎంత వదలాలి అన్నది చెప్పే హక్కు కూడా ధరతో పాటే మనకు ఉండాలి.

"మళ్లీ కషాయాలకు పోవుడంటే వెనక్కి పోవుడే కదా?" సిటీలో అదే కషాయం గాజు కప్పులో పోసి ఇస్తే ఫొటో తీసి పెడతాం. ఇంట్లో అవ్వ స్టీలు గ్లాసులో ఇస్తే మొహం తిప్పుకుంటాం. వెనకబాటు ఆకులో లేదు, మన చూపులో ఉంది.

ఏం చేద్దాం

ఒకటి. హాస్టళ్లలో ఉన్నవాళ్లు సాయంత్రం 5 తర్వాత కాఫీ, చాయ్ బంద్ పెట్టి చూడండి. నిమ్మగడ్డి, అల్లం, తులసి, ఏది దొరికితే అది కాచుకోండి. పది రోజులు చేసి నిద్ర ఎట్లుందో మీరే చెప్పండి.

రెండు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వ తాతల కాడ కూర్చోండి. ఏ ఆకు, ఏ పేరు, కోయలో ఏమంటారు, గోండిలో ఏమంటారు, నాయకపోడు పెద్దలు ఏమంటారు, ఎవరికి ఇవ్వొద్దు, అన్నీ నోటుబుక్కులో రాసుకోండి. మందు గుట్టు యూట్యూబ్‌లో పెట్టకండి. పుస్తకం ఊరి దగ్గర ఉండనివ్వండి.

మూడు. మీ పంచాయతీలో జీవ వైవిధ్య కమిటీ ఉందా, ప్రజా జీవ వైవిధ్య రిజిస్టర్ ఉందా అని అడగండి. చట్టం ప్రకారం ఉండాలి. ఉంటే చూపించమనండి. అందులో ఏం రాశారో, ఎవరిని అడిగి రాశారో చదవండి.

నాలుగు. ఫారం బి, ఫారం సి గురించి వచ్చే గ్రామసభలో మాట పెట్టండి. చదువుకున్న మనం నింపకపోతే ఇంకెవరు నింపుతారు? అమ్మడానికి వన్ ధన్ వికాస కేంద్రాలు, గిరిజన సహకార సంస్థ, మన అమ్మల సంఘాలు ఉన్నాయి. ముందు హక్కు, ఆ తర్వాత డబ్బా.

ఐదు, పేరు. 2025 డిసెంబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక మాట తేల్చి చెప్పింది. తేయాకు మొక్క నుంచి వచ్చిన దాన్నే "టీ" అనాలి, మిగతా ఆకులకు, పువ్వులకు "హెర్బల్ టీ" అని పేరు పెట్టడం తప్పుడు లేబుల్ అని. కంపెనీలకు ఇది తలనొప్పి, మనకు మంచి మాట. మన ఆకుకు చాయ్ పేరు అరువు తెచ్చుకోవాల్సిన పని ఇక లేదు. దానికి పేరు ముందునుంచే ఉంది. డబ్బా మీద ఆ పేరే ఉండాలి, దాని కింద మన ఊరి పేరు ఉండాలి.

సింగ్ఫోలను ఆనాడు ఎవరూ అడగలేదు. మనల్ని కూడా ఎవరూ వచ్చి అడగరు. మనమే అడగాలి. మీ ఊర్లో ఏ ఆకు కాచుకుంటారో, దాన్ని ఏమని పిలుస్తారో కింద కామెంట్‌లో రాయండి. పేరు మాత్రమే రాయండి, మందు రాయకండి.

జల్, జంగల్, జమీన్ మనవే. ఆకు కూడా మనదే.

జై ఆదివాసీ!